ఢిల్లీశ్వరరావు బండి సైలెన్సరు

ఢిల్లీశ్వరరావు పుట్టి బుద్ధెరిగాక ఢిల్లీ మొహం చూడలేదు. చూడాలన్న కోరికా లేదు. ఇచ్ఛాపురం దగ్గరి సరిహద్దు పల్లెల్లో ఆ పేరు వీధికొకడికి ఉంటుంది కాబట్టి అదేమంత విశేషం కాదు. అతనిలో విశేషం ఏదైనా ఉందంటే అది ఇంజను పిచ్చి. తోటి పిల్లలు జీళ్ల కోసం ఏడిచే వయసులో ఇతను లారీ హారను కావాలని ఏడ్చాడని వాళ్లమ్మ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. బడికి పంపితే బస్సు దగ్గర ఆగిపోయేవాడు. పొలానికి పంపితే ట్రాక్టరు పక్కన తేలేవాడు. విసిగి వేసారిన తండ్రి చివరికి ఒడిశాలోని అస్కా పంచదార మిల్లుకు చెరకు తోలే లారీ మీద క్లీనరుగా ఎక్కించేశాడు. అక్కడ కొన్ని సీజన్లు తిరిగేసరికి కుర్రాడికి ఒడియా వచ్చింది, స్టీరింగు వచ్చింది, మీసం వచ్చింది. వాటి వెనకే లైసెన్సు కూడా వచ్చింది.

పెళ్లి కూడా ఇంజను పిచ్చి మీదే కుదిరిందంటే నమ్మాలి. శాంతిది గంజాం. అక్కడ అంగన్‌వాడీలో పని చేసేది. ఉద్యోగం వదులుకుని నేను రాను, కావాలంటే నువ్వే రా అని పెళ్లిచూపుల్లోనే మొహమాటం లేకుండా చెప్పేసింది. పెద్దలు మొహమొహాలు చూసుకుంటూ ఉండగానే ఢిల్లీ సరేనన్నాడు. గంజాం హైవే మీద ఉంది, గుమ్మంలో నిలబడితే రోజంతా లారీలే లారీలు, అంతకంటే ఏం కావాలి అని అతని లెక్క. అత్తారి ఊళ్లో కాపురం పెట్టాడని ఎవరెంత ఆట పట్టించినా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

చాలా ఏళ్లు వాళ్ల లారీ, వీళ్ల ట్రాక్టరు తోలి తోలి ఎట్టకేలకు సొంత బండి కొన్నాడు. నీలం రంగు పికప్. ఎంతమంది చేతులు మారి వచ్చిందో దానికి కూడా గుర్తుండదు. తలుపు వేస్తే అద్దం దిగిపోయేది, అద్దం ఎత్తితే తలుపు తెరుచుకునేది. క్యాబిన్ వెనక చిన్న కిటికీకి అద్దమే లేదు, ఇనప జల్లెడ ఒక్కటి మిగిలింది. అయినా ఢిల్లీ దానికి ప్రతి శుక్రవారం నిమ్మకాయ కట్టి, పసుపు రాసి, దిష్టి తీసేవాడు. ఆ బండికి ఎవడి దిష్టి తగులుతుందని శాంతి అడిగితే రెండు రోజులు మాట్లాడటం మానేశాడు.

ఆ బండికి తిండి పెట్టింది పొడంపేట. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఇసుక మీద ఉన్న బెస్త ఊరు అది. పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే అక్కడి ఆడవాళ్లు చేపలు కొని, బుట్టల్లో ఐసు వేసి, ఢిల్లీ బండికెత్తి, బుట్టల మధ్యనే తామూ కూర్చుని బరంపురం మార్కెట్టుకు వెళ్లేవాళ్లు. సామాను బండి వెనక మనుషుల్ని ఎక్కించకూడదని ఢిల్లీకి తెలుసు, వాళ్లకూ తెలుసు. కానీ బుట్టను వదిలి బస్సెక్కి వెళ్లమంటే ఏ ఆడమనిషి వింటుంది? ఏడెనిమిది మంది టార్పాలిన్ కింద సర్దుకుని కూర్చుంటారు. వాళ్లందరికీ పెద్ద పుణ్యవతి. వయసు అరవై దాటింది, గొంతు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. ఢిల్లీ ఆమెను పిన్నీ అని పిలుస్తాడు. ఆమె అతన్ని కొడుకు కంటే ఎక్కువగా తిడుతుంది.

ఇసుక దారి దాటి హైవే ఎక్కగానే వెనక గోల మొదలవుతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడతారు, ఒకరు ఫోనులో అరుస్తారు, ఇంకొకరు నవ్వుతారు. జల్లెడ కిటికీ లోంచి మాటలు విడివిడిగా తెలిసేవి కావు గానీ ఆ సందడి ఢిల్లీకి భలే ఇష్టం. ఒంటరిగా స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడికి అదే తోడు. ఋషికుల్య వంతెన దగ్గరికి వచ్చేసరికి గోల సద్దుమణిగేది. సరిగ్గా అప్పుడే పుణ్యవతి క్యాబిన్ రేకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచేది. గంగమ్మ తల్లికి దణ్ణం కాబోలు అనుకుని ఢిల్లీ కూడా ఒక చెయ్యి తీసి నదికి దణ్ణం పెట్టుకునేవాడు. ఇన్నేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

ఇలా సాఫీగా సాగుతున్న కాపురంలో మసేను వచ్చి పడ్డాడు.

మసేను పొడంపేట కుర్రాడే. ఢిల్లీని బావా అంటాడు, మర్యాదకు లోటు లేదు. కాకపోతే కొత్త తెల్ల పికప్ దించాడు. అందులో పాటలున్నాయి, క్యాబిన్లో చల్లగాలి ఉంది, కాలు ఆనిస్తే చాలు దూసుకుపోయే ఇంజను ఉంది. చేపలు మాత్రమే వేసుకుంటాడు, మనుషుల్ని ఎక్కించుకోడు. సీట్లు కొత్తవి, వాసనొస్తుందట. ఆ మాటకు ఆడవాళ్లు మూతి తిప్పుకున్నారు గానీ, అతని బండి ఎంత ముందు వెళ్తోందో గమనించకుండా మాత్రం లేరు. మార్కెట్టులో ముందు దిగిన చేపకున్న మర్యాద వెనక దిగిన చేపకుండదు.

అదే సమయానికి నీలం బండికి నీరసం పట్టుకుంది. ఎంత తొక్కినా లాగదు. వెనక నల్లగా పొగ, ముందు మూలుగు. వంతెన ఎక్కేచోట రెండో గేరులోకి దిగాల్సి వచ్చేది. రోజూ అక్కడే మసేను హారను కొట్టి, చెయ్యి ఊపి దాటిపోయేవాడు. ఒకరోజు టీ దుకాణం దగ్గర నలుగురిలో, బావా, బండికి పింఛను పెట్టించు అన్నాడు. అందరూ నవ్వారు. ఢిల్లీ కూడా నవ్వి, సగం టీ ఉన్న గ్లాసును బల్ల మీద పెట్టేశాడు. ఆ వారమే ఇద్దరు ఆడవాళ్లు తమ బుట్టలు మసేను బండిలో వేసి తాము మాత్రం ఢిల్లీ బండెక్కారు. రేపు మిగతావాళ్లూ అదే చేస్తే? చెరకు సీజను ఏడాదికి కొన్ని నెలలే. పొడంపేట పోతే నీలం బండి ఇంటి ముందు కోళ్లగూడు అయిపోవడమే. ఢిల్లీ బండిని బాగు చేయించడానికి తీసుకెళ్లాడు.

బరంపురంలో పాత గ్యారేజీల వరసలో అసిరయ్య షెడ్డు ఉంది. సైలెన్సర్లు తప్ప ఇంకేదీ ముట్టుకోడు. జీవితమంతా ఇంజన్ల పక్కనే గడిపాడేమో, చెవులు సగానికి పైగా పోయాయి. అందుకని అందరితో అరిచి మాట్లాడతాడు, అందరూ అతనితో అరుస్తారు. కొత్తవాళ్లు చూస్తే అక్కడేదో కొట్లాట జరుగుతోందనుకుంటారు.

అసిరయ్య బండి కిందికి దూరి, బయటికొచ్చి, ఇంజనుకేం రోగం లేదు, ఊపిరాడక చస్తోంది అని తేల్చేశాడు. సైలెన్సరు డబ్బా లోపలంతా మసి పేరుకుపోయింది. దానికి తోడు ఏ ఇసుక దిబ్బ మీదో రాసుకుని పైపు ఒకచోట నొక్కుకుపోయింది. పొగ బయటికి పోకపోతే లోపలికి గాలెలా వస్తుంది? ఇంజను దగ్గర్నుంచి చివరిదాకా కాస్త లావు పైపు వేస్తానని, వంపులు మెత్తగా తిప్పుతానని, మధ్యలో ఒక కొత్తరకం డబ్బా పెడతానని అరిచి చెప్పాడు. అప్పుడు బండి కుర్రదానిలా లాగుతుందట.

అంతా బాగానే ఉంది. డబ్బా అనేసరికి మాత్రం ఢిల్లీకి బుద్ధి వంకర తిరిగింది. షెడ్డు బయట ఎవరిదో మోటారు సైకిలు డబ్బా లేకుండా ఉరుముతోంది. వీధిలో జనం వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆ ఉరుము వింటుంటే ఢిల్లీకి ఒళ్లు పులకరించింది. మసేను వెనకాల అలాంటి ఉరుము వినిపిస్తే వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. అంతే, డబ్బా వద్దు, తిన్నగా పైపే వెయ్యమన్నాడు. సౌండు ఎక్కువ వస్తుందని అసిరయ్య చెప్పి చూశాడు. రావాలి, అదే కావాలి అని ఢిల్లీ అతని చెవిలో అరిచాడు. చెవులు వినపడని మనిషికి సౌండు ఎంతైతే మాత్రం ఏం నొప్పి? సరేనని వెల్డింగు మంట వెలిగించాడు.

ఆ సాయంత్రం గంజాం ఊరు ఊరంతా ఢిల్లీ రాకను ఋషికుల్య అవతలి నుంచే విన్నది. ఇంటి ముందు బండి ఆపి, ఇంజను ఆపకుండా, కాసేపు కాలితో దానిచేత పాడించాడు. కిటికీ రెక్కలు వణికాయి. పక్కింటి ముసలాయన మంచం మీంచి లేచి కూర్చున్నాడు. శాంతి గుమ్మంలోకి వచ్చి ఏదో అంది. వినపడలేదు. మళ్లీ అంది. ఢిల్లీ ఇంజను ఆపాడు.

"ఇంక నీకు సెప్పాల్సినవన్నీ పలక మీద రాసి సూపిస్తాను మావా" అంది శాంతి. "అంగన్‌వాడీలో పలకలకి కరువు లేదు."

ఢిల్లీకి ఆ మాట తలకెక్కలేదు. అతనప్పుడు గాల్లో తేలుతున్నాడు.

మర్నాడు పొడంపేటలో బండి స్టార్టు చేయగానే కాకులు లేచిపోయాయి. ఆడవాళ్లు చెవులు మూసుకుని, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ ఎక్కారు. నిజం చెప్పాలంటే బండి లాగుడు చూసి తీరాల్సిందే. ఇసుక దారిలో కూరుకోలేదు. హైవే ఎక్కాక గేరు వెనక గేరు పడుతుంటే సీటు వీపును ముందుకు తోస్తోంది. వంతెన ఎక్కేచోట రెండో గేరు ఊసే లేదు. మసేను బండి పక్కనుంచి ఉరుముకుంటూ దాటినప్పుడు ఢిల్లీ కూడా చెయ్యి ఊపాడు. ఎంతో కాలంగా దాచుకున్న ఊపుడు అది. బరంపురం మార్కెట్టులో అందరికంటే ముందు నీలం బండి వెళ్లి నిలిచింది. ఢిల్లీ మీసం దువ్వుకుంటూ దిగి, ఎప్పట్లాగే టీ తాగి, క్యాబిన్లో కాళ్లు చాపుకుని పడుకున్నాడు. మార్కెట్టు షెడ్డు లోపలికి అతనెప్పుడూ వెళ్లడు. లోపల బురద, కేకలు, అక్కడ తనకేం పని?

వంతెన మీద రేకు చరుపులు వినపడలేదన్న సంగతి ఆ సంబరంలో అతనికి తట్టనే లేదు.

రెండో రోజూ ముందే వెళ్లారు. మూడో రోజూ ముందే. కానీ తిరుగు ప్రయాణంలో ఆడవాళ్ల మొహాలు మాడిపోయి ఉంటున్నాయి. ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. ఒకరోజైతే బండి ఇంకా స్టార్టు చేయకముందే ఇద్దరు జుట్టు జుట్టు పట్టుకున్నంత పని చేశారు. నువ్వు తగ్గించావంటే నువ్వు తగ్గించావని దెబ్బలాట. ఢిల్లీ విని, ఆడవాళ్ల గొడవలు మామూలేలే అనుకున్నాడు. ముందు దిగిన చేపకు మర్యాద దొరుకుతున్నా వీళ్లకీ ఏడుపేమిటో అతనికి అంతుపట్టలేదు. పైగా ఒక్కరైనా తనకు థాంక్సు చెప్పలేదని లోలోపల కాస్త కోపం కూడా.

ఆ వారం చివర్న, మార్కెట్టు నుంచి తిరిగొచ్చి బండెక్కబోతూ పుణ్యవతి ఆగిపోయింది. మిగతావాళ్లు ఆమె వెనక నిలబడ్డారు.

"ఒరే డిల్లీ, రేపట్నించి మావు నీ బండెక్కం నాయినా" అంది. "సేపలు మసేను బండిలో ఏసేస్తాం. మావు బస్సెక్కి ఎల్తాం."

ఢిల్లీ క్యాబిన్ లోంచి కిందికి దూకాడు.

"ఏటి పిన్నీ అలగంటావు? అందరికన్నా ముందు మనవే ఎల్తన్నాం కదేటి?"

"ఎల్తన్నాం. ఎల్లి ఏటి సేత్తన్నాం? నీ బండిలో పక్క మనిసి మాట పక్క మనిసికి ఇనపడదు. బస్సులోనైతే మాట్టాడుకోవచ్చు."

"కబుర్లు తిరిగొచ్చినప్పుడు సెప్పుకోవచ్చు కదా" అన్నాడు ఢిల్లీ. అన్న మరుక్షణం అనకుండా ఉంటే బాగుండేదనిపించింది. పుణ్యవతి అతన్ని చూసిన చూపు అలాంటిది.

"కబుర్లనుకున్నావేట్రా ఇన్నాళ్లూ?" అంది నెమ్మదిగా.

అప్పుడు చెప్పుకొచ్చింది. ఒడ్డున మాట్లాడుకునే తీరిక ఉండదు, పడవ రాగానే ఎవరి పరుగు వాళ్లది. ఊళ్లో ఫోను సరిగా పలకదు. హైవే ఎక్కాక సిగ్నలు వస్తే బరంపురం మార్కెట్టులో ఉన్న తన మేనకోడలికి ఫోను చేస్తారు. గోపాల్‌పూర్ నుంచి ఏం చేప దిగింది, చిలకా నుంచి ఏం వచ్చింది అని అడుగుతారు. బండిలో ఎవరి బుట్టలో ఏముందో అందరికీ కళ్లెదుటే కనిపిస్తుంది. కానాగంతలు ఇంతకు తగ్గకూడదు, చందువాలు ఇంతకు తగ్గకూడదు అని వాదులాడుకుని, అలిగి, బుజ్జగించుకుని, వంతెన వచ్చేలోగా అందరూ ఒక మాట మీదికి వస్తారు. మార్కెట్టులో పెద్ద బేరగాళ్లు ఒక్కొక్కరి దగ్గరికి విడివిడిగా వచ్చి, అదిగో ఆవిడ తగ్గించింది, నువ్వూ తగ్గించు అని చెవి కొరుకుతారు. మాట ముందే అనుకుని ఉంటే ఆ ఎత్తు పారదు. ఈ వారమంతా బండి రొదలో ఎవరి మాట ఎవరికీ వినపడక, ఎవరికి తోచిన రేటు వాళ్లు చెప్పి, ఒకరినొకరు అనుమానించుకుని, బేరగాళ్ల చేతిలో చిత్తుగా ఓడిపోయారు. అందరికంటే ముందు వెళ్లి అందరికంటే తక్కువకు అమ్ముకున్నారు.

"వొంతెన కాడ రేకు మీద సరిసేది ఎందుకనుకున్నావు మరి?" అని అడిగింది చివర్న.

ఢిల్లీ ఒక చెయ్యెత్తి దణ్ణం పెట్టి చూపించాడు. "గంగమ్మకి దణ్ణం కాదేటి?"

కోపంగా ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి పక్కున నవ్వారు. పుణ్యవతి నవ్వు ఆపుకోవాలని చూసి, ఆగక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేటు తెగిపోనాది, ఇంక తొక్కరా అని సెప్పడం రా అది, తింగరోడా!"

ఢిల్లీకి తల కొట్టేసినట్టయింది. సిగ్గేసింది, నవ్వొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా భయమేసింది. ఇన్నేళ్లుగా తన వీపు వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో వీళ్ల బతుకుతెరువు నడుస్తోంది. తను దాన్ని రేడియోలా విన్నాడు. పైగా ఆ రేడియో వినపడకుండా పోయినందుకు ఈ వారమంతా బండిలో ఏదో వెలితిగా ఉండి, అదేమిటో తెలియక, ఇంకాస్త గట్టిగా తొక్కాడు.

ఒక్క పూట గడువు ఇమ్మని బతిమాలాడు. పుణ్యవతి ఆలోచించి, రేపొక్కరోజు చూస్తామంది. అక్కడ అతని తెలివి కాస్త పనిచేసింది. గడువిస్తే చాలదు పిన్నీ, మీరు కూడా నాతో రండి అన్నాడు. బాగైందో లేదో చెప్పాల్సింది వాళ్లే కదా మరి.

ఖాళీ బుట్టలతో ఏడెనిమిది మంది బెస్త ఆడవాళ్లు వెనక కూర్చుని ఉండగా ఉరుముకుంటూ నీలం బండి గ్యారేజీల వీధిలోకి వెళ్లింది. పనివాళ్లు స్పానర్లు వదిలేసి చూశారు. అసిరయ్య అయితే లేచి నిలబడ్డాడు. సంగతంతా ఢిల్లీ అతని చెవిలో అరిచి చెప్పాడు. అసిరయ్య వింటూ వింటూ మొహం ముడుచుకున్నాడు.

"పాత డబ్బా బిగించేమంటావేటి?" అని గర్జించాడు.

ఢిల్లీ లెక్క వేసుకున్నాడు. పాత డబ్బా వేస్తే మళ్లీ పాత నీరసమే. మసేను మళ్లీ చెయ్యి ఊపుతాడు. ఇలాగే ఉంచితే ఆడవాళ్లు బస్సెక్కుతారు. ఈ ఉరుమంటే అతనికి ప్రాణం, నిజమే. కానీ వంతెన దగ్గర తన కోసం చరిచే ఆ అరచెయ్యి లేకపోతే ఈ ఉరుము ఎవరి కోసం? లాగుడు ఉండాలి, సౌండు పోవాలి, నువ్వు మొదట చెప్పిన కొత్తరకం డబ్బా పెట్టు, నాదే తప్పు అన్నాడు. నాదే తప్పు అన్నది ఎంత మెల్లగా అన్నా అసిరయ్యకు చక్కగా వినపడింది.

పైపు మధ్యలో కోసి ఆ డబ్బా కట్టాడు. పొగ తిన్నగా వెళ్లే గొట్టమే, కాకపోతే దాని నిండా చిల్లులు. చిల్లుల చుట్టూ ఉక్కు పీచు దట్టించి, ఆ పైన లావు డబ్బా మూత. పొగ దారిన పొగ పోతుంది, చప్పుడు మాత్రం పీచులో చిక్కుకుపోతుంది. బిగించాక ఇంజను వేసి, అసిరయ్య పైపు చివర అరచెయ్యి పెట్టి చూసి, ఊపిరి బాగుందన్నాడు. చప్పుడు ఎలా ఉందో చెప్పే చెవులు అతని దగ్గర లేవు. అవి బండి వెనక కూర్చుని ఉన్నాయి.

పుణ్యవతి ఒక చివర, మిగతావాళ్లు ఇంకో చివర సర్దుకున్నారు. ఢిల్లీ ఎక్సిలేటరు తొక్కి పట్టాడు. మాట్లాడండి అన్నాడు. మాట్లాడమంటే ఏం మాట్లాడతారు? కళ్లెదుట ఉన్నది అసిరయ్య. అతని చొక్కాకున్న కన్నాల దగ్గర మొదలుపెట్టి, అతని అరుపుల మీదుగా, ఇంట్లో అతని భార్య ఎలా వేగుతోందో అన్నదాకా వెళ్లారు. మామూలు గొంతుల్తోనే. కానీ పుణ్యవతి తల అడ్డంగా ఊపింది. చివరున్న మనిషి మాట ఇంకా కలిసిపోతోందట. అసిరయ్య డబ్బా విప్పి మళ్లీ పీచు దట్టించాడు. మళ్లీ ఇంజను, మళ్లీ కబుర్లు. ఈసారి పుణ్యవతి ఏం అనకుండా ఆ చివరున్న ఆమెతో కవళ్ల చేపల సంగతి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె కూర్చున్న చోటి నుంచే జవాబు చెప్పింది. ఇంకొకామె మధ్యలో దూరింది. ఇంజను తిరుగుతోందన్న సంగతే వాళ్లు మర్చిపోయారు.

"సరిపోనాదేటి?" అని అసిరయ్య అరిచాడు. "నన్ను తిట్టుకున్నది సాల్లేదేటి ఇంకా? పెదాలు కదిలితే నాకు తెలుస్తాదమ్మా!"

ఆడవాళ్లు బుట్టల వెనక మొహాలు దాచుకున్నారు. ఢిల్లీ ఆ రోజు ఇంటికి చేరితే శాంతి బయటికి రాలేదు. అతను వెళ్లి తలుపు కొడితే గానీ వచ్చాడని తెలియలేదు. పలక ఇంక అక్కర్లేదని చెప్పాడు.

మర్నాడు పొడంపేటలో చేపలు విరగపడ్డాయి. బుట్టలు నిండిపోయి, ఇంకా గోనెల్లో కూడా ఎత్తారు. ఇసుక దారిలో బండి అంత బరువునూ తేలిగ్గా లాగేసింది. మసేను ఇంకా ఐసు సర్దుకుంటూనే ఉన్నాడు. హైవే ఎక్కగానే వెనక ఫోను మోగింది, గోల లేచింది. ఢిల్లీ ఈసారి చెవులు రిక్కించాడు. గోపాల్‌పూర్‌లోనూ చేపలు విరగపడ్డాయట. తగ్గించక తప్పదని ఒకరు, తగ్గిస్తే చచ్చామని ఇంకొకరు. చందువాల దగ్గర ఇద్దరు అలిగారు. పుణ్యవతి గొంతు చించుకుంటోంది.

వాదన సగంలో ఉండగానే ఎదురుగా వంతెన కనిపించింది.

 బండి లాగుడు పెరిగింది కదా, దారి ముందే అయిపోతోంది. ఇన్నేళ్లూ నీరసపు బండి వీళ్లకు ఇచ్చిన తీరిక ఇప్పుడు లేదు. ఇదే ఊపులో పోతే మాట తెగకుండానే మార్కెట్టు వచ్చేస్తుంది. ఎంత తాపత్రయపడి తెచ్చుకున్న లాగుడో అతనికి తెలుసు. పాదం దానంతటది కిందికి నొక్కాలని చూస్తోంది. పళ్లు బిగబట్టి పాదం ఎత్తేశాడు.

వంతెన మీద నీలం బండి ఎడమ పక్కకు ఒదిగి నడక సాగించింది. వెనక నుంచి తెల్ల బండి వచ్చింది. మసేను పక్కకొచ్చి, అద్దం దించి, బావా, మళ్లీ నీరసమేనా అన్నట్టు చెయ్యి తిప్పి, నవ్వి దాటిపోయాడు. ఢిల్లీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఒక బస్సు దాటింది. ఆఖరికి అస్కా వైపు పోయే చెరకు ట్రాక్టరొకటి, నిండు బరువుతో, మూలుగుతూ దాటింది. దాని మీది మనిషి వీళ్ల వంక జాలిగా చూశాడు. ఆ జాలి ఢిల్లీకి మసేను నవ్వు కంటే ఎక్కువగా గుచ్చుకుంది. అయినా కాలు కదపలేదు. వెనక అలిగిన ఇద్దరిలో ఒకరు మెత్తబడుతున్నారు. ఇంకొకరు ఏదో సణుగుతున్నారు. పుణ్యవతి గొంతు తగ్గింది. ఎవరో సరేలే అన్నారు. ఇంకొకరు కూడా సరేనన్నారు.

వంతెన అవతలి కొన దగ్గర, నెత్తి మీది రేకు మోగింది. ఒకటి. రెండు.

ఢిల్లీశ్వరరావు అలవాటు కొద్దీ ఒక చెయ్యి తీసి ఋషికుల్యకు దణ్ణం పెట్టాడు. తర్వాత గేరు మార్చి గట్టిగా తొక్కాడు. బండి అరవలేదు, ఉరమలేదు, అంత బరువుతోనూ మెత్తగా ముందుకు దూకింది. చెరకు ట్రాక్టరు వెనకపడింది, బస్సు వెనకపడింది. ఛత్రపూర్ ఇంకా రాకముందే తెల్ల బండి వెనక బంపరు కనిపించింది. వెనక ఆడవాళ్లు అతని గురించే ఏదో అనుకుని నవ్వుతున్నారు, అతనికి ప్రతి మాటా వినపడుతోంది.